భక్త రామదాసు

భక్త రామదాసుగా ప్రసిద్ధి చెందిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దానికి చెందిన వాగ్గేయకారుడు. గోల్కొండ రాజ్యంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా పనిచేశాడు. భద్రాచలంలో శ్రీ సీతారామచంద్రస్వామి ఆలయాన్ని నిర్మించి, అందుకు వెచ్చించిన పన్ను సొమ్ము కారణంగా చెరసాల పాలయ్యాడు.

జననము, ఉద్యోగము

గోపన్న ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో లింగన్న, కామాంబ దంపతులకు జన్మించాడు. అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రియైన మాదన్న, అతని సోదరుడు అక్కన్న గోపన్నకు మేనమామలని ప్రతీతి. వారి ప్రాపకంతోనే పాల్వంచ ఉద్యోగం లభించిందని చెబుతారు. గోదావరి తీరపు అడవి ప్రాంతమైన ఈ పరగణాలోనే భద్రాచలం ఉంది. అక్కడ పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి పూజిస్తున్న విగ్రహాలకు గోపన్న ఆలయం కట్టించాడు.

నాటి పన్నుల విధానము

గోల్కొండ రాజ్యంలో పన్ను వసూలు హక్కును ఎక్కువ మొత్తానికి పాడుకున్నవారికి ఇజారాకు ఇచ్చేవారు. 1618-1622 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్‌వోల్డ్ ఈ పద్ధతిని వివరించాడు. పంట పండినా ఎండినా ఒప్పుకున్న మొత్తం ఖజానాకు చేరవలసిందే. మిగులు దక్కేది, లోటు భరించేది ఇజారాదారే. భూమిపై హక్కును నిలుపుకొని, నిశ్చితమైన సొమ్ముకు బదులుగా అదనపు రాబడిని ప్రభువు వదులుకోవడం నేటి షేర్ మార్కెట్లోని కవర్డ్ కాల్‌ను కొంత పోలి ఉంటుంది. అయితే కవర్డ్ కాల్‌లో ధర పడిపోతే నష్టం వాటా యజమానిదే. తీసుకున్న ప్రీమియం మేరకే అతనికి ఊరట. ఇజారాలో ఆ నష్టం కూడా మధ్యవర్తిపైనే పడేది. ఖజానాకు రావలసిన సొమ్ము నిలిచిపోతే క్షమించని పాలన అది.

కారాగారవాసము

ఆలయానికి ఆరు లక్షల వరహాల ప్రభుత్వ ధనం వెచ్చించాడన్న అభియోగంపై తానీషా గోపన్నను గోల్కొండ కోటలో బంధించాడు. సంప్రదాయ కథనం ప్రకారం చెరవాసం పన్నెండేళ్ళు సాగింది. చివరకు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో వచ్చి బాకీ చెల్లించి రసీదు పొందారని భక్తుల విశ్వాసం. రామదాసు బందీఖానాను కోటలో నేటికీ చూడవచ్చు.

రచనలు

దాశరథీ శతకం, అనేక కీర్తనలు రచించాడు. "ఇక్ష్వాకు కులతిలక" అనే కీర్తనలో ప్రాకారాలు, గోపురాలు, సీతమ్మకు, రాముని తమ్ములకు చేయించిన నగలు, వాటికైన ఖర్చును పద్దుల చిట్టాలా వరుసగా పేర్కొన్నాడు. ప్రభువుకు చూపలేకపోయిన లెక్కను దేవునికి అప్పగించిన రచన ఇది. త్యాగరాజు రామదాసును తన రచనలలో స్మరించాడు.

అనంతర కాలము

1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించి తానీషాను దౌలతాబాదు కోటలో బంధించాడు. పన్ను వసూలు చేయించుకున్న రాజ్యం అంతరించినా ఆలయం నిలిచింది. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం తానీషా కాలం నుండి వచ్చిందని ప్రసిద్ధి. గోపన్న జీవితం ఆధారంగా 1964లో చిత్తూరు నాగయ్య "రామదాసు", 2006లో కె. రాఘవేంద్రరావు "శ్రీరామదాసు" చిత్రాలను రూపొందించారు.