జార్జి బూల్ – బూట్లు కుట్టేవాని కొడుకు

మొన్న కంప్యూటర్ క్లాసులో, పదో తరగతి చదువుతూ వజ్రకరూరు మండలానికి చెందినవాళ్ళ పేర్లకు క్వెరీ రాయమన్నారు. నేను ‘అండ్’ బదులు ‘ఆర్’ కొట్టినా. సగం హాస్టల్ పేర్లు వచ్చె! అందరూ నవ్విరి. ఈ రెండు మాటలకు లెక్క కట్టినాయన జార్జి బూల్.

ఈయన 1815లో ఇంగ్లాండులోని లింకన్‌లో పుట్టారు. నాన్న బూట్లు కుట్టేవాడు. ఇల్లు గడవక 16 ఏళ్ళకే పంతులయ్యారు. కాలేజీ మెట్లెక్కకుండానే సొంతంగా లెక్కలు నేర్చి, 1849లో ఐర్లాండులోని కార్క్‌లో ప్రొఫెసరయ్యారు. మనిషి ఆలోచనను 1, 0లతో లెక్కగా చూపిన పుస్తకం 1854లో వచ్చింది. 1864లో వానకు నానిన బట్టలతోనే పాఠం చెప్పి, జబ్బుపడి 49 ఏళ్ళకే పోయారు.

మా నాన్న బెంగుళూరు కూలిపనికి రమ్మంటున్నాడు. ఈ కథ చెప్పి, చదువు మాననన్నాను. తొలకరికి మన చేలల్లో వజ్రాలు వెతుకుతారు కదా, నాకు దొరికిన వజ్రం ఇదే.