ఎడమచేతి గురి

హంగెరీ సైన్యంలో సార్జెంటైన కారోలీ తకాచ్ (1910–1976) పిస్తోలు పోటీలలో ఆరితేరినవాడు. అయినా కమిషను పొందిన అధికారులకే ప్రవేశమన్న నిబంధన అతనిని 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలకు పోనీయలేదు. గురికి హోదాతో పని యేమిటో! ఆ నిబంధన తొలగినది. ఇంతలో 1938లో, సైనిక శిక్షణలో లోపమున్న చేతిబాంబు పేలి అతని కుడిచేయి ఛిద్రమైంది. పిస్తోలు పట్టినది ఆ చేతితోనే.

నెలరోజులు ఆస్పత్రిలో గడిపి, ఎవరికీ తెలియనీయక ఎడమచేతితో సాధన ఆరంభించాడు. ఒక చేయి నేర్చిన విద్య రెండవ చేతికి దానంతట అది రాదు. చాచిన చేతితో బరువు మోయడం, ట్రిగ్గరు నొక్కేటప్పుడు గురి చెదరనీయకపోవడం, తొట్రుపాటు లేక ఒక బొమ్మనుండి మరొక బొమ్మకు చేయి సాగించడం, అన్నీ మరల ఓనమాలనుండి దిద్దవలసినవే. 25 మీటర్ల దూరాన వరుసగా నిలిచే అయిదు బొమ్మలను, ఒక్కొక్కదానికి ఒక్క తూటా చొప్పున, మొదట 8 సెకండ్లలో, పిదప 6, కడపట 4 సెకండ్లలో కొట్టవలసిన పోటీ అది. 1939లో హంగెరీ జాతీయ విజేత అతడే అయ్యాడు.

1940, 1944 ఒలింపిక్ క్రీడలను యుద్ధం మింగివేసింది. 1948లో లండనులో, 38 యేండ్ల వయస్సున, 600కు 580 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణపతకం గెలిచాడు. 1952లో హెల్సింకీలోనూ స్వర్ణం అతనిదే. ఒకే ఒక్క పాయింటు తేడాతో రెండవవాడైన సిలార్డ్ కున్ అతని శిష్యుడు.