పూల్ క్యూకు చిరునామాగా నిలిచిన బాలబుష్కా

పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రను క్యూ అంటారు. తయారు చేసిన మనిషి పేరే ఆ కర్రకు పేరుగా స్థిరపడడం అరుదు. అమెరికాలో ఆ గౌరవం దక్కిన పనివాడు జార్జ్ బాలబుష్కా. చేతితో చేసిన క్యూ మేలా, కర్మాగారం నుంచి వచ్చింది మేలా అన్న చర్చలో ఆయన పేరు తప్పక వినిపిస్తుంది. అయితే ఈ రెంటి మధ్య గీత అంత స్పష్టమైనది కాదని ఆయన జీవితమే చెబుతుంది.

బాలబుష్కా 1912 డిసెంబరు 9న రష్యాలో జన్మించారు. అసలు పేరు గ్రిగోరీ. 1924లో కుటుంబంతో కలిసి అమెరికాకు వలస వెళ్లి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. పిల్లల బొమ్మలు, ఫర్నిచర్ తయారీలో చెక్కపని చేశారు. రంపపు యంత్రం వద్ద జరిగిన ప్రమాదంలో ఒక వేలిలో కొంత భాగం పోయింది. ఆ లోటును పూడ్చుకునేందుకు కృత్రిమ వేలిని ఆయనే తయారు చేసుకున్నారు.

1959లో ఒక భాగస్వామితో కలిసి పూల్ హాలు కొన్నారు. పాడైన క్యూలను బాగుచేయడం అక్కడే ఆరంభమైంది. మిత్రులకు క్రిస్మస్ కానుకగా కొన్ని క్యూలు చేసి ఇచ్చారు. వాటి పనితనం చూసిన ఆటగాళ్లు తమకూ కావాలని అడగసాగారు. 1961లో విడుదలైన ‘ద హస్ట్లర్’ చిత్రంతో పూల్ ఆటకు ఆదరణ పెరగడం కూడా కలిసివచ్చింది.

విశేషమేమిటంటే, ఆయన తొలి క్యూలకు ముడిసరుకు కర్మాగారం నుంచే వచ్చింది. బ్రన్స్‌విక్ సంస్థ పూల్ హాళ్ల కోసం తయారు చేసిన ‘టైటిలిస్ట్’ క్యూలు ఒకే కర్రగా ఉండేవి. పిడి వైపున్న ముదురు రంగు చెక్క, లేతరంగు మేపుల్ చెక్కలోకి కోణాలుగా చొచ్చుకుపోయే అతుకు వాటి బలం. బాలబుష్కా ఆ భాగాన్ని తీసుకుని, కొత్తగా చిత్రిక పట్టి, మధ్యలో ఉక్కు జాయింటు బిగించి రెండు ముక్కల క్యూగా మలిచేవారు. పిడికి ఐరిష్ లినెన్ దారం చుట్టేవారు. తర్వాతి కాలంలో ఆ అతుకు భాగాలను బర్టన్ స్పెయిన్, గస్ జాంబోటీ వంటి పనివారి నుంచి తెప్పించుకున్నారు.

మరి ఆయన గొప్పతనం ఎక్కడుంది? చెక్క ఎంపికలో, బరువును సమతూకంగా నిలపడంలో, అన్నిటికన్నా మించి ఓపికలో. మేపుల్ చెక్కను ఒక్కసారిగా సన్నగా చెక్కితే వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే నిపుణులు కొద్దికొద్దిగా చెక్కుతూ, మధ్యలో చెక్కను ఆరనిస్తూ, వంగినదాన్ని పక్కన పెడతారు. వేల సంఖ్యలో, తక్కువ ధరకు సరుకు అందించాల్సిన కర్మాగారానికి అంత వ్యవధి దొరకడం కష్టం. అయినా, తిన్నగా ఉండి సరిగా ఆరిన కర్మాగారపు క్యూ సాధారణ ఆటగాడికి ఏ లోటూ చేయదు.

బాలబుష్కా 1975 డిసెంబరు 5న, 63వ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు కన్నుమూశారు. సుమారు 16 ఏళ్లలో ఆయన చేసిన క్యూలు వెయ్యి నుంచి 1,200 వరకు ఉంటాయని అంచనా.

అసలు ఖ్యాతి మరణానంతరం వచ్చింది. మార్టిన్ స్కోర్సేసే దర్శకత్వంలో 1986లో వచ్చిన ‘ద కలర్ ఆఫ్ మనీ’ చిత్రంలో పాల్ న్యూమన్ పాత్ర యువ ఆటగాడు టామ్ క్రూజ్ పాత్రకు బాలబుష్కా క్యూ బహూకరిస్తుంది. ఆ పేరు ఇంటింటికీ చేరింది. కానీ తెరపై కనిపించింది ఆయన చేసినది కాదు. ఆ తీరులో జాస్ సంస్థ రూపొందించిన క్యూ. కర్మాగారపు కర్రతో మొదలైన ఆయన పేరుతోనే తర్వాత కర్మాగారాల క్యూలూ విపణిలోకి వచ్చాయి.

2004లో అమెరికా బిలియర్డ్ కాంగ్రెస్ ఆయనకు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు కల్పించింది. ఆయన చేతి క్యూలు ఇప్పుడు వేల డాలర్ల ధర పలుకుతూ సేకరణకర్తల చెంతకు చేరాయి. ఆట కోసం పుట్టిన ఆ కర్రల్లో చాలావాటికి ఇప్పుడు బంతిని తాకే అవకాశం అంతగా లేదు.