జాయపసేనాని

మన గణపవరము పేరు విన్నపుడెల్ల మాకు కృష్ణానదీముఖమందలి గణపేశ్వరము స్ఫురించుచుండును. దివిసీమలో నాగాయలంక చేరువనున్న యా పల్లెలో నొక ప్రాచీనశివాలయము గలదు. క్రీ. శ. 1231వ సంవత్సరమున దానిని స్థాపించినవాడు కాకతీయుల గజబలమునకు నాయకుడైన జాయపసేనాని. ఆ గుడికి తన ప్రభువగు గణపతిదేవుని పేరిడెను. గుంటూరు మండలమునందలి చేబ్రోలులో మఱియొక యాలయమును గట్టించి, దానికి తన తండ్రి పేరిడెను. ఆ ప్రభువే యొకనాడు ఆ తండ్రి సీమను జయించినవాడని యెఱిగినచో నీ రెండు గుళ్ల విలువ మనకు బోధపడును. యావజ్జీవము కత్తిపట్టిన యొక యోధుడు తన యేలికకును, తన యింటికిని గూడ ఋణము దీర్చుకొనిన విధమును మే మిచట సంగ్రహముగా దెలుపుదుము.

జాయపది అయ్యవంశము. ఈ వంశమువారు వెలనాటి చోడులకు సామంతులై దివిసీమ నేలుచుండిరి. 1199లో ఓరుగంటి సింహాసనము నధిష్ఠించిన గణపతిదేవుడు తీరాంధ్రమును లోబఱచుకొనదలచి, 13వ శతాబ్ది తొలియేండ్లలో కృష్ణాతీరమునకు సేనలతో దిగెను. దివియు నాతనికి లోబడెను. అంతటితో అయ్యవంశము నశింపలేదు. జాయప తండ్రి పిన్నచోడుడు. ఆతని కుమార్తెలగు నారాంబ, పేరాంబలను గణపతిదేవుడు వివాహమాడెను. బాలుడగు జాయపను తన కొలువున జేర్చుకొనెను. మన కొల్లేటి తీరమునందలి కొలను రాజ్యమును ఈ గణపతిదేవుని కాలముననే ఇందులూరి సోమయ జయించి, కొలని సోమమంత్రి యని ప్రసిద్ధుడయ్యెను. కొలనులో జయించినవాని పేరు నిలిచినది. దివిలో నోడినయింటి బిడ్డ పేరు నిలిచినది. అందులకు కారణము ప్రభువు వివేకము సగము, బిడ్డ యోగ్యత సగము.

పుట్టినయూరు విడిచి, నిన్నటి పగవాని నగరున బెరుగు బాలుని మనస్సు ఎట్లుండెనో మేమూహింపగలము. అట్టివాడు క్రోధమునకు లోనగుటయు సులభమే, ముఖస్తుతికి దిగుటయు సులభమే. జాయప యీ రెండుదారులను ద్రొక్కక విద్య నాశ్రయించెను. రాజు వానిని గుండామాత్యుడను గురువున కప్పగించి కళాశాస్త్రములను జెప్పించెను. యుద్ధవిద్యలో నాతడు గజసాహిణి పదవి కెదిగెను. కోటతలుపులు పగులగొట్టుటకును, శత్రువ్యూహమును చీల్చుటకును ఏనుగులే యాధారమైన దినము లవి. భేరీధ్వనికి బెదరక, గాయము తగిలినను వెనుదిరిగి స్వసైన్యమును ద్రొక్కక నిలుచునట్లు ఏనుగును దిద్దుట బలముచే నగుపని గాదు, ఓర్పుచే నగుపని. శత్రువులను గోధుమలకు తిరుగలియను నర్థమున ఆతనికి వైరిగోధూమఘరట్టుడను బిరుదము గలిగెను. 1213లో గణపతిదేవుడు తామ్రపురి యనబడు చేబ్రోలు నాతని కొసగెను. తండ్రి పేర చోడేశ్వరుని ప్రతిష్ఠించినది ఆ యూరనే.

చదువరు లొక్కింత నిలిచి యాలోచింతురుగాక. ఓడినవాని పేర, గెలిచినవా డిచ్చిన నేలమీద, గుడి గట్టుట! అందు తండ్రియెడ భక్తియు గలదు. తన కొడుకుతనమును ప్రభువు శంకింపడను నమ్మికయు గలదు. పదవి వచ్చినపిమ్మట పుట్టినింటిని మఱచువారు నాడును గలరు, నేడును గలరు. జాయప మఱవలేదు. అట్లని యింటి యభిమానముచే నుప్పుతిన్న కొలువునకు ద్రోహమును దలపలేదు. గణపేశ్వరమును తన పూర్వుల దివిలోనే నిలిపి, జయమునాటి నొప్పిని పూజగా మార్చెను.

కొలువున జేరిన యర్ధశతాబ్దికి, 1253-54లో, ఈ సేనాని సంస్కృతమున నృత్తరత్నావళి యను గ్రంథమును బూర్తిచేసెను. అందు ఎనిమిది యధ్యాయములు. మొదటి నాలుగింట భరతముని మార్గము ననుసరించి శాస్త్రమును వివరించి, తక్కిన నాలుగింట దేశినృత్తములను, అనగా జనులు తమ సీమలలో నాడుకొను నాటలను వర్ణించెను. పేరణియు, రాసకమును, చర్చరియు, కోలలతో నాడు దండరాసకమును అందు గలవు. పండితులు చిన్నచూపు చూడదగిన యాటలని వానిని విడువక, శాస్త్రపీఠముపై గూర్చుండబెట్టిన ఘనత యీ సైనికునిది. ఈ గ్రంథమును 1965లో వి. రాఘవన్ పండితుడు మదరాసున పరిష్కరించి ప్రకటించెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ దానిని తెనిగించెను. నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యమును పునరుద్ధరించుటకు ఈ గ్రంథమును, రామప్పగుడి శిల్పములును దారిచూపినవి.

కులచరిత్రలు వ్రాయువారు జాయపను తమవానిగా జెప్పికొనుట మే మెఱుగుదుము. పెద్దవారి పేరు చెప్పికొని గర్వించుట సుకరము. వారి నడవడిని దెచ్చుకొనుట దుష్కరము. ఈ సభకు విచ్చేసిన సోదరులారా, మన యిండ్లలో సేనలో గొలువుచేసి వచ్చిన పెద్ద లెందఱో గలరు. వారి పతకములను పెట్టెలో దాచి, వారి యనుభవములను మాత్రము వినక పోగొట్టుకొనుచున్నాము. దగ్గఱ గూర్చుండి విని, వ్రాసియుంచుడు. మఱియొక విన్నపము. గణపేశ్వరమునందలి శాసనమును, చేబ్రోలు శాసనమును లేకున్నచో జాయప యింటికథ మనకు దెలిసియుండెడిది గాదు. మీ యూరి గుడిలో అక్షరములుగల ఱాయి యున్నచో దానికి సున్నము పూయకుడు, మెట్టుగా వేయకుడు. ఎవని తండ్రి పేరు దానిపై నున్నదో!