మలామును మరువని మహావైద్యుడు అజ్-జహ్రావీ

చలికాలం వచ్చిందంటే మన ఇళ్లలో మలాము డబ్బా కోసం వెతుకులాట మొదలవుతుంది. పెదవులు చిట్లుతాయి, మడమలు పగులుతాయి, గిన్నెలు తోమే చేతులు మంటపెడతాయి. చర్మాన్ని, చేతులను చూసుకోవడం కూడా హకీం పనేనని వెయ్యేళ్ల కిందటే తలచిన ఒక మహావైద్యుణ్ణి ఈ శుక్రవారం పాఠకులకు పరిచయం చేస్తున్నాం.

ఆయన పూర్తి పేరు అబుల్ ఖాసిం ఖలఫ్ ఇబ్ను అబ్బాస్ అజ్-జహ్రావీ అల్ అన్సారీ. మదీనా అన్సార్ల వంశీకులని పేరులోని చివరి మాట చెబుతుంది. జహ్రావీ అన్నది ఊరిని బట్టి వచ్చింది. స్పెయిన్‌లోని ఖుర్తుబా, అంటే నేటి కార్డోబా పక్కన ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో మదీనతుజ్ జహ్రా అనే రాజనగరాన్ని కట్టించడం మొదలుపెట్టాడు. అజ్-జహ్రావీ పుట్టిన సంవత్సరం కూడా 936 అనే రాస్తుంటారు. ఊరి పుట్టుకను మనిషికి అంటగట్టారేమోనని మా అనుమానం. తొలి చరిత్రకారులు ఆయన గురించి మిగిల్చింది కొద్ది వాక్యాలే మరి.

మిగిలింది ఆయన గ్రంథం 'అత్తస్రీఫ్'. దాదాపు 50 ఏళ్ల వైద్యానుభవాన్ని 30 భాగాల్లో కూర్చి, 1000 ప్రాంతంలో పూర్తి చేశారు. చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో దాదాపు 200 పరికరాల బొమ్మలున్నాయి. 12వ శతాబ్దంలో క్రెమోనాకు చెందిన గెరార్డ్ దాన్ని లాటిన్‌లోకి అనువదించాడు. యూరప్ వైద్యులు శతాబ్దాలపాటు చదువుకున్నారు. శస్త్రచికిత్సా పితామహుడన్న బిరుదు ఆ భాగం వల్ల వచ్చిందే.

మాకు మాత్రం 19వ భాగం మీద మక్కువ ఎక్కువ. పరిమళ ద్రవ్యాలు, జుట్టు, చర్మం, చేతులు, పళ్ల సంరక్షణ అందులోని విషయాలు. ఇవన్నీ ఆడవాళ్ల అలంకరణలే కదా అని తోసెయ్యకుండా, వైద్యంలో భాగంగానే ఆయన పరిగణించారు. కత్తి పట్టి ఎముకలు కోసిన చెయ్యి చేతులకు పూసే లేపనాల గురించీ రాసింది. అది మామూలు మాట కాదు.

పాత హకీముల మలాముల్లో చాలావాటికి మూలం తేనెమైనం, నూనె. గ్రీకుల నుంచి అరబ్బులకు వచ్చిన ఈ మిశ్రమాన్ని ఖైరూతీ అంటారు. యునానీ వైద్యంలో ఆ పేరు నేటికీ ఉంది. ఒక వంతు మైనాన్ని సన్నని సెగమీద కరిగించి, సుమారు నాలుగు వంతుల నూనె కలిపి చల్లార్చడమే. చలిగాలి చర్మంలోని తడిని లాగేస్తుంది. మైనపు పొర ఆ తడిని పోనివ్వదు. అందుకే ఒళ్లు పూర్తిగా ఆరకముందే రాసుకోవాలి. వుజూ నీళ్లు చర్మానికి చేరకుండా మైనం అడ్డుపడుతుంది గనుక ఇషా నమాజు అయ్యాక, పడుకునే ముందు రాసుకుని, తెల్లవారి సబ్బుతో కడుక్కోవడం మేలు. పగులులో చీము పట్టినా, నీరు కారుతున్నా మలాముతో సరిపెట్టుకోక డాక్టరుకు చూపించాలి.

అజ్-జహ్రావీ ముసలితనం ప్రశాంతంగా గడవలేదు. అంతర్యుద్ధంలో 1010లో మదీనతుజ్ జహ్రా దోపిడీకి గురై నాశనమైంది. సుమారు 1013లో ఆయన కన్నుమూశారు. ఆ ఊరి శిథిలాల్లో తవ్వకాలు 1911లో గానీ మొదలుకాలేదు. మందుల తయారీని వివరించే 28వ భాగం మాత్రం 1471లోనే వెనిస్‌లో లాటిన్‌లో అచ్చయింది.