వానలో తడిసిన రోజనామచా

అది 1529వ సంవత్సరం మే నెల. హిజ్రీ 935, రమజాన్ రోజులు. తూర్పు ప్రాంతపు దండయాత్రలో ఉన్న మొగల్ సైన్యం ఆ రాత్రి ఒకచోట విడిది చేసింది. తరావీహ్ నమాజు ముగిసింది. బాబర్ బాద్షా తన డేరాలో కాగితాలు ముందు పెట్టుకుని రాయడానికి సిద్ధమవుతున్నారు. అంతలో వానాకాలపు మబ్బులు ఒక్కసారిగా కమ్ముకొచ్చాయి. పెనుగాలి లేచింది. విడిదిలోని డేరాలలో చాలావరకు నేలకూలాయి. కాగితాలు సర్దుకునేలోగా బాద్షా డేరా కూడా ఆయన తల మీదే కూలింది. అల్లాహ్ దయవల్ల ఆయనకు దెబ్బ తగల్లేదు గాని, రాసుకున్న కాగితాలన్నీ నీళ్ళలో తడిసి ముద్దయ్యాయి.

వాటిని అతికష్టం మీద ఏరి, సింహాసనం మీద పరిచే ఉన్ని తివాచీ మడతలలో పెట్టి, పైన కంబళ్ళు కప్పారు. గాలివాన తగ్గాక మరో డేరా వేశారు. దీపం వెలిగించి, తడిసిన కట్టెలతో ఎలాగో నిప్పు రాజేశారు. తెల్లవారేదాకా కంటిమీద కునుకు లేకుండా ఒక్కొక్క కాగితాన్నీ ఆరబెడుతూ కూర్చున్నారు. పానిపట్టులో ఇబ్రాహీం లోడీని ఓడించిన విజేత ఒక రాత్రంతా కాపాడుకున్నది ఖజానాను కాదు, తన రోజనామచాను! ఆ కాగితాలలో అంతగా ఏముందో నేటి మన పిల్లలకు చెప్పాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

జహీరుద్దీన్ ముహమ్మద్ బాబర్ 1483 ఫిబ్రవరి 14న ఫర్గానా రాజ్యంలోని అందిజాన్‌లో జన్మించారు. తండ్రి ఉమర్ షేఖ్ మీర్జా తైమూర్ వంశీయుడు. తల్లి కుత్లుగ్ నిగార్ ఖానం చెంగిజ్ ఖాన్ వంశానికి చెందినవారు. 1494లో అఖ్సీ కోటలో పావురాల గూడు లోయలోకి కూలిపోగా దానితో పాటు పడి తండ్రి మరణించారు. అప్పటికి బాబర్‌కు పన్నెండో ఏడు. ఆయన రాత మొదలయ్యేది సరిగ్గా అక్కడి నుంచే. ఆయన దాన్ని తన మాతృభాష అయిన చగతాయి తుర్కీలో రాసుకున్నారు. మన ఉర్దూ భాష పేరు కూడా ఆ తుర్కీ నుంచి వచ్చిందే. అక్కడ ఆ మాటకు సైనిక విడిది అని అర్థం.

చిన్నతనంలో ఆయనకు స్థిరమైన ఇల్లు లేదు. 1497లో సమర్కంద్‌ను గెలిచి నూరు రోజులు ఏలారు. ఇంతలో సొంత ఊరు అందిజాన్ చేజారింది. మళ్ళీ సమర్కంద్ గెలిచి, 1501లో షైబానీ ఖాన్ చేతిలో పోగొట్టుకున్నారు. ఇలా దారులు పట్టి తిరిగిన రోజులలోనే గాలీ చలీ ఆయన రాతలో పెద్ద చోటు సంపాదించుకున్నాయి. ఖుజంద్ దగ్గర ఒక ఎడారి ఉంది. పూర్వం కొందరు దర్వేషులు అక్కడి సుడిగాలిలో చెల్లాచెదురై, హా దర్వేష్ అని ఒకరినొకరు పిలుచుకుంటూ అంతా ప్రాణాలు విడిచారట. అందుకే ఆ చోటికి ఆ పేరు వచ్చిందని ఆయన రాశారు. ఆ గాలి వీచే దారిలోనే ఒక శీతాకాలం చలికి కొందరు అనుచరులు చనిపోయారు. ఆ సమయంలో బాబర్‌కు స్నానం చేయవలసి వచ్చింది. రెండు ఒడ్డులా మంచు గడ్డకట్టి, మధ్యలో మాత్రం నీరు పారుతున్న కాలువలో దిగి ఆయన పదహారు మునకలు వేశారు. ఆ నీటి చలి ఎముకల్లోకి దిగిందని దాచకుండా రాసుకున్నారు.

1504లో కాబూల్ ఆయన వశమైంది. ఆ పట్టణం నుంచి ఒక్కరోజు ప్రయాణంలో మంచు ఎన్నడూ కురవని చోటికీ, కొద్ది గంటలలో మంచు కరగని చోటికీ చేరవచ్చునని ఆయన లెక్క కట్టారు. 1506 చివరిలో హిరాత్ నుంచి కాబూల్‌కు తిరిగి వస్తూ, ఖాసిం బేగ్ పట్టుబట్టడంతో కొండదారి పట్టారు. దారి చూపేవాడే దారి తప్పాడు. మంచు గుర్రాల కాళ్ళు ఆననంత లోతుగా ఉంది. అప్పుడు ఆయన ఎవరికీ ఆజ్ఞలు ఇవ్వలేదు. తానే దిగి, పది పదిహేను మందితో కలిసి నడుముదాకా, రొమ్ముదాకా కూరుకుపోతూ మంచు తొక్కి గుర్రాలకు బాట చేశారు. ఇలా వారం రోజులు గడిచింది. జిర్రిన్ కనుమ దిగువన ఒక గుహ దగ్గరికి వచ్చేసరికి భయంకరమైన మంచుతుఫాను పట్టుకుంది. లోపలికి రమ్మని అందరూ బతిమాలారు. సేన అంతా బయట చలిలో ఉండగా తాను ఒక్కడే వెచ్చగా పడుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. పార తీసుకుని జానమాజ్ అంత మేర మంచు తవ్వి, అందులోనే కూర్చున్నారు. తల మీద, వీపు మీద, చెవుల మీద మంచు పేరుకుపోయింది. చలికి చెవి దెబ్బతిన్నది. గుహ లోపల అందరికీ చోటు ఉందని తెలిసిన తరువాతే ఆయన లోనికి వెళ్ళారు. నాయకత్వం అంటే ఏమిటో చెప్పడానికి ఈ ఒక్క రాత్రి చాలదా?

1519 నుంచి మనకు దొరికిన రాత ఏ రోజు సంగతి ఆ రోజుగా సాగుతుంది. 1526 ఏప్రిల్‌లో పానిపట్టు యుద్ధం గెలిచి ఆగ్రా చేరేసరికి ఎండలు మండుతున్నాయి. వడగాలికి మనుషులు కూలిపోయారు. సర్దారులు వెనక్కి పోదామన్నారు. ఆప్త మిత్రుడు ఖ్వాజా కలాన్ నిజంగానే వెళ్ళిపోయారు. బాబర్ ఉండిపోయారు. ఎండ, గాలి, దుమ్ము అనే మూడు బాధలకూ మందుగా హమ్మాం కట్టించుకున్నారు. ఇక్కడి ఏడాది నాలుగు నెలల ఎండ, నాలుగు నెలల వాన, నాలుగు నెలల చలిగా నడుస్తుందని గమనించారు. వానాకాలపు గాలి హాయిగా ఉంటుందని మెచ్చుకుంటూనే, ఆ తేమకు తమ దేశపు విల్లు పనికిరాకుండా పోతుందనీ, కవచాలు, పుస్తకాలు, బట్టలు కూడా పాడవుతాయనీ రాశారు. మన దక్షిణాదికి ఆయన రాలేదు. కాని హిందూ రాజులలో రాజ్యంలోనూ సైన్యంలోనూ విజయనగర ప్రభువే పెద్దవాడని నమోదు చేశారు. అప్పుడు అక్కడ ఏలుతున్నది శ్రీకృష్ణదేవరాయలు.

ఆయన తన తప్పులను కూడా దాచలేదు. ఎన్ని మద్యపాన గోష్ఠులు జరిగాయో రాశారు. 1527 ఫిబ్రవరిలో, ఖాన్వా యుద్ధానికి ముందు, తౌబా చేసి పాత్రలు పగులగొట్టిన సంగతీ రాశారు. 1519లో బజౌర్ కోటలో మూడు వేలకు పైగా మనుషులను చంపించిన సంగతి కూడా అందులోనే ఉంది. అది చదివితే మనసు కలుక్కుమంటుంది. ఆయనను ప్రశంసించేవారైనా, నిందించేవారైనా సాక్ష్యం కోసం ఆయన సొంత రాత దగ్గరికే వెళ్ళవలసి రావడం విశేషం.

1529 సెప్టెంబరుతో ఆ రాత ఆగిపోయింది. కొడుకు హుమాయూన్ మంచం చుట్టూ తిరిగి తన ప్రాణం తీసుకోమని దుఆ చేశారన్న ప్రసిద్ధ గాథ ఇతరులు రాసినదే గాని ఆయన రోజనామచాలో లేదు. 1530 డిసెంబర్ 26న ఆగ్రాలో మరణించారు. తరువాత ఆయన కోరిక ప్రకారం కాబూల్‌లో ఖననం చేశారు. ముప్ఫై ఆరేళ్ళ ఆయన పాలనలో దాదాపు సగం ఏళ్ళ రాతే మనకు మిగిలింది. 1508 నుంచి 1519 దాకా ఒక్క పుట కూడా లేదు.

మిగిలిన దానిని కాపాడిన ఘనతలో మన హైదరాబాద్‌కూ వాటా ఉంది. 1589లో అబ్దుర్రహీం ఖాన్‌ఖానా చేసిన ఫార్సీ అనువాదం లోకమంతా పాకింది గాని, తుర్కీ మూలం అరుదైపోయింది. దాని ప్రతులలో చాలా నిండైనది హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ గ్రంథాలయంలో ఉన్నదే. అన్నెట్ బెవరిడ్జ్ అనే ఆంగ్ల విదుషీమణి 1905లో ఆ ప్రతిని ఉన్నదున్నట్టుగా అచ్చు వేయించి, ఆ తరువాత దాని ఆధారంగానే ఇంగ్లీషులోకి అనువదించారు.

మన ఇళ్ళలో కూడా తాతలు, నానాలు ఉర్దూలో రాసుకున్న లెక్కల పుస్తకాలు, హజ్ ప్రయాణపు రాతలు, కరువులు వరదల తేదీలు పాత ట్రంకు పెట్టెలలో మూలుగుతున్నాయి. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు వాటిని చదవలేక పాత కాగితాల కింద లెక్క కడుతున్నారు. చెదలు మాత్రం వాటిని చదివేస్తున్నాయి! ఉర్దూ తెలిసిన పెద్దవారు ఉండగానే వారి పక్కన కూర్చుని, చదివించి, తెలుగులో రాసి పెట్టుకోండి. బాద్షా అంతటివాడు రాత్రంతా మేలుకుని కాగితాలు ఆరబెట్టాడే, మనం ఒక్క సాయంత్రం వెచ్చించలేమా?