మా నాయనను నవ్వించిన లెక్చరర్

వార్షిక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి వ్రాయమని మా యూనియన్ కార్యదర్శి అడిగాడు. సైన్సు విద్యార్థిని గదా, ఏ సర్ సి.వి. రామన్ గురించో వ్రాస్తానని అతని ఆశ. నేను ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి పేరు చెప్పేసరికి, కమెడియన్ మీద వ్యాసమేమిటని మిత్రులంతా నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆయన కోరుకున్నదీ అదే! అయినా నా కారణం నాకుంది.

మాది తాండూరు దగ్గరి పల్లె. కంది పంట మీదే బతుకు. నిరుడు పూత మీదున్న చేనును వాన దెబ్బ తీసింది. జనవరిలో ఒక ఆదివారం మా నాయన రైలెక్కి వచ్చి నాంపల్లి స్టేషన్లో దిగాడు. ఏదో చెప్పాలని వచ్చాడు, చెప్పలేకపోతున్నాడు. మాట్లాడకుండానే ఇద్దరం అబిడ్స్ దాకా నడిచాం. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో ఒక సినిమా పత్రిక తెరిచి ఉంది. అందులో ధర్మవరపు గారి ఫోటో. నాయన ఆగి, దాన్ని చూసి ఫక్కున నవ్వాడు. పంట పోయినాక ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. తన చిన్నతనంలో పంచాయతీ ఆఫీసు టీవీ ముందు ఊరంతా కూర్చుని దూరదర్శన్‌లో ఆనందోబ్రహ్మ చూసేదట. ఆ సంగతులు చెబుతూ చెబుతూనే, పొలం కుదువ పెట్టి నా ఫీజు కట్టిన మాటా చెప్పేశాడు. ఆ రోజు నుండి ఈ మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించింది.

ఆయనా పల్లెటూరివాడే. ప్రకాశం జిల్లా బల్లికురవ మండలంలోని కొమ్మినేనివారిపాలెంలో పుట్టారు. నాటకాల పిచ్చి ముందు నుండే ఉంది. పంచాయతీరాజ్ శాఖలో ఉద్యోగం వచ్చినా ఆ పిచ్చి వదల్లేదు. ఫైళ్ళు, సంతకాలు, పై అధికారులు, వినయంగా నిలబడే గుమస్తాలు, వీళ్ళ నడుమ మెలిగిన మనిషికి హాస్యం కోసం వేరే ఊరు వెతకాల్సిన పని ఉంటుందా!

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1995లో ప్రైవేటు తెలుగు ఛానెళ్ళు వచ్చే దాకా తెలుగు ఇంట్లో అదొక్కటే దిక్కు. ధర్మవరపు గారికి పేరు తెచ్చిన ఆనందోబ్రహ్మ ఆ ఒక్క ఛానెల్ కాలానిదే. సినిమాకయితే ఇష్టమున్నవాడే టిక్కెట్టు కొని పోతాడు. టీవీ అట్లా కాదు. ఒకే గదిలో నాయనమ్మ, కొత్తల్లుడు, పదేళ్ళ పిల్లవాడు కలిసి చూస్తారు. వాళ్ళలో ఏ ఒక్కరూ తల దించుకోకుండా అందరినీ నవ్వించాలి. పాటలు, ఫైట్లు, పెద్ద పెద్ద సెట్టింగులు ఉండవు. మొహమూ మాటా, అంతే పెట్టుబడి. ధర్మవరపు గారు ఆ మొహాన్ని మాత్రం చాలా గంభీరంగా పెట్టేవారు. తాను నవ్వకుండా ఎదుటివాణ్ణి నవ్వించడమే ఆయన విద్య.

చిన్న తెర నుండి పెద్ద తెరకు ఆయనను తెచ్చినవారు జంధ్యాల గారు. 1989లో వచ్చిన జయమ్ము నిశ్చయమ్మురా ఆయనకు తొలి చిత్రం. తోకలేని పిట్ట అనే సినిమాకు తానే దర్శకత్వం వహించారు. అయితే మా తరానికి ఆయన తెలిసింది 2001లో వచ్చిన నువ్వు నేను చిత్రంలోని లెక్చరర్‌గా. ఇక్కడ మా లెక్చరర్లు నన్ను మన్నించాలి. ఆ పాత్ర చూసి క్లాసులో పక్కవాడి మొహం చూడని విద్యార్థి ఉన్నాడా? అయినా ఆ లెక్చరర్ మీద మనకు కోపం రాదు, జాలే కలుగుతుంది. తర్వాత ఎన్ని సినిమాల్లో ఎన్ని వేషాలు వేసినా జనం మనసులో ఆయన లెక్చరర్‌గానే నిలిచిపోయారు. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వ కాలంలో రాష్ట్ర సాంస్కృతిక మండలి అధ్యక్షులుగా కూడా పనిచేశారు.

కాన్సరుతో బాధపడి, 2013 డిసెంబరు 7న హైదరాబాదులోనే కన్ను మూశారు. అప్పటికి నేను బడికి పోయే పిల్లవాణ్ణి. ఆ వార్త విన్న గుర్తు కూడా లేదు.

ఇప్పుడు ఊరికి పోయినప్పుడల్లా సెల్‌ఫోనులో ఆ లెక్చరర్ దృశ్యాలు నాయనకు చూపిస్తున్నాను. పొలం ఇంకా కుదువ నుండి విడిపించలేదు. అయినా నాయన నవ్వుతాడు. నవ్వినాక అప్పు లెక్క ఎంతయిందో నాతో దాచకుండా చెబుతాడు. మా తండ్రీకొడుకులకు మాట కలిపిన ఆ పెద్దమనిషికి ఈ సంచిక ద్వారా మా ఇద్దరి నమస్కారాలు.